చిత్రావతి ఒడ్డున మగ్గం గుంత

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. వాన కురిపించేవాడూ, ఆపేవాడూ ఆయనే. ఏటిని గట్ల మధ్య నిలిపేవాడూ, విడిచిపెట్టేవాడూ ఆయనే.

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. చనిపోయినవారు ప్రభువు పిలిచేదాకా నిద్రిస్తారని మా సంఘంలో చిన్నప్పుడే నేర్పారు. అందుకే ధర్మవరంలో నా కళ్లముందు జరిగినదాన్ని దయ్యం అనను. ఏమనాలో మాత్రం తెలియదు.

డెబ్బైల చివర అది. చిత్రావతిలో ఏళ్ల తరబడి నీళ్లు లేవు. ఇసుకలో చెలమలు తవ్వి కడవలు నింపుకొనేవాళ్లం. ఆ ఏరు వెనకటికి ఒకసారి వీధినే ఎత్తుకుపోయిందని, ఇంకోసారి పశువులను కొట్టాలతో సహా ఈడ్చుకుపోయిందని మా సంఘపెద్ద చెబితే అందరూ నవ్వేవారు. ఎండిన ఏరు చచ్చినట్టేనని మా సీమవాళ్ల లెక్క.

ఏటి ఒడ్డున మా కూలివాళ్ల సమాధులు ఉండేవి. నాయనదీ అక్కడే. ఏటా సమాధుల పండుగకు సున్నం కొట్టి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేసుకొనేవాళ్లం. ఒక మగ్గాల యజమాని ఆ చోటంతా చదును చేయించి షెడ్డు వేశాడు. మా అమ్మ వెళ్లి అడిగింది.

“ఏరే సచ్చి శానా ఏండ్లాయ గదమ్మా. ఇంగ సచ్చినోళ్లకు చోటు యాడ తెచ్చేది?” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

అమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి మోకాళ్లూని, ఆ మనిషిని పేరు పెట్టి దేవునికి అప్పగించింది. రోజూ అదే ప్రార్థన. పగ మనది కాదు, దేవునిదని సంఘపెద్ద గుర్తుచేస్తే, అందుకే ఆయననే అడుగుతున్నానంది.

కరువులో వేరే పని దొరకక అన్న ఆ షెడ్డులోనే కూలికి నేశాడు. నేను దారాన్ని కండెలకు చుట్టేదాన్ని. ఆ మగ్గాల మీద నేసేవాడు నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చోవాలి. అన్నకిచ్చిన గుంత సరిగ్గా నాయన సమాధి ఉన్నచోట తవ్వినది. పక్కనున్న తుమ్మచెట్టును బట్టి అమ్మ గుర్తుపట్టింది.

సమాధుల పండుగ దగ్గరపడే కొద్దీ అన్న పాదాలు తడితో ఇంటికి రాసాగాయి. మడమల దాకా ఎర్ర ఒండ్రు. నేను ఆ గుంతలో చెయ్యి పెట్టి చూశాను. దుమ్ము. ఏటికి ఇంకా దగ్గరగా, ఇంకా లోతుగా కూర్చునేవాళ్ల కాళ్లు పొడిగానే ఉండేవి.

“నిన్ను లెయ్యమంటాండాడు మీ నాయన,” అంది అమ్మ. అన్న కోప్పడ్డాడు. పని మానితే తిండి లేదు.

పండుగ నాడు మంచి ఎండ. ఆకాశంలో మబ్బు తునక లేదు. అన్న ఉన్నట్టుండి మగ్గం వదిలి పైకి లేచాడు. మోకాళ్ల దాకా తడి.

“సావుకారీ, గుంతలో నీళ్లుండాయి. నేను దిగను.”

“పండగని పని ఎగ్గొట్టేకి సాకులా?” అంటూ యజమాని పంచె ఎగగట్టి తానే గుంతలోకి కాళ్లు దించి కూర్చున్నాడు. పొడి పాదం ఎత్తి అందరికీ చూపించాడు. “యాడుండాయప్పా నీళ్లు?”

ఎగువ నుంచి నీళ్ల మోత వినిపించింది అప్పుడే. అప్పటికే తలుపు దగ్గరికి వచ్చేశాం కాబట్టి నేనూ అన్నా పరుగెత్తి గట్టెక్కాం. మిగతావాళ్లు ఒకరినొకరు ఈడ్చుకుంటూ వచ్చారు. ఆయన రాలేదు.

వరద తీశాక చూస్తే షెడ్డు లేదు, దాని వెనక వీధి లేదు. గుంత నిండా ఇసుక. ఆయన అందులోనే, కూర్చున్నట్టే దొరికాడు. తవ్వి తీసినవాళ్లలో అన్న కూడా ఉన్నాడు. అమ్మ వచ్చి కాసేపు నిలబడి, స్తోత్రం చెప్పి వెళ్లిపోయింది.

ఎగువన ఏదో చెరువు తెగిందన్నారు. ఏరు పైన పారకముందే అడుగున ఊరుతుందన్నారు. కావచ్చు. అలాగైతే అన్న ఒక్కడి కాళ్లే ఎందుకు తడిశాయి? అదే గుంతలో ఆయన పాదం ఎందుకు తడవలేదు? ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.

ఇప్పుడు ఆ ఒడ్డునే మళ్లీ గోడలు లేస్తున్నాయి. చదువుతున్నవారు దయచేసి నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, అక్కడ ఎవరి చోటు ఎవరు లాక్కున్నారో నీకు తెలుసు. ఏటిని విడిచే రోజున కూలివాణ్ణి ముందు పైకి లేపు. కూర్చోవలసినవాణ్ణి కూర్చోబెట్టు. ఆమేన్.