ఇరవయ్యో రోజు గోరింటాకు

మా పక్కింటి అవ్వ చనిపోయింది. ఇవాళ్టికి ఇరవై రోజులు. ఆ పొద్దున మజ్జిగ చెంబు పట్టుకుపోయి తలుపు తట్టింది నేనే. పలకకపోతే తోసుకుని లోపలికి పోయాను. గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉంది, ఒళ్ళు మాత్రం చల్లబడిపోయింది. పక్కన ఇనుప మూకుడులో ముందురోజు సాయంత్రం నూరిపెట్టిన గోరింటాకు ఇంకా తడిగానే ఉంది. అది ఎవరి కోసం నూరిందో నాకు తెలుసు.

ఉదయగిరిలో మా కొండకింది వీధులవాళ్ళకు అవ్వను గురించి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళకు చెబుతున్నాను. నెరిసిన తలలకు రంగు వేయడం ఆమె పని. సాయిబుల ఇళ్ళలో ఆడవాళ్ళు పిలిచేవాళ్ళు, కోమట్ల ఇళ్ళలోనూ పిలిచేవాళ్ళు. ఆమె చేతి గోళ్ళు ఏడాది పొడుగునా ఎర్రగా ఉండేవి, వేళ్ళ సందులు నీలంగా ఉండేవి. మాకు ఆమె చుట్టమేమీ కాదు. మా అమ్మకు మాత్రం ఆమె లేనిదే పొద్దు గడిచేది కాదు.

రంగు వేయడం కంటే ముందు తల కడగడమే అసలు పని అనేది అవ్వ. నెలల తరబడి పెట్టిన ఆముదం, దాని మీద పడిన దుమ్ము, పొయ్యి పొగ, అన్నీ కలిసి వెంట్రుక చుట్టూ పొరలా పట్టుకుంటాయి. ఆ పొర మీద ఏం పూసినా నిలవదు. పుట్టమన్ను పుల్లమజ్జిగలో నానబెట్టి ముందు కుదుళ్ళకు పట్టించేది. అది ఆరకముందే కడిగి, తర్వాత కుంకుడురసం పోసేది. వెంట్రుకను రెండు వేళ్ళ మధ్య లాగి చూసి, కిర్రుమంటేనే మూకుడు ముట్టుకునేది.

ఒకసారి యాభై దాటిన పెళ్ళికొడుకు ఒకాయన, అంత ఓపిక లేక, నూనెతల మీదే రంగు వేయించుకుపోయినాడు. పీటల మీద కూర్చునేసరికి చెమటకు రంగు కారి తలపాగా నీలమైపోయింది. పెళ్ళికూతురి తరపువాళ్ళు ముక్కున వేలేసుకున్నారట. అవ్వ ఆ సంగతి చెప్పి నవ్వినప్పుడు ఉన్న నాలుగు పళ్ళూ కనిపించేవి.

"జిడ్డు మింద వేసిన రంగూ, అబద్ధం మింద చేసిన పెళ్ళీ నిలవవు పాపా" అనేది.

గోరింటాకు పెట్టి ఒక పూట ఉంచేది. ఎర్రబడిన జుట్టును వట్టి నీళ్ళతో కడిగి, ఆరాక నీలిఆకు పొడి గోరువెచ్చని నీళ్ళలో కలిపి రెండోసారి పట్టించేది. అప్పుడు నలుపు వచ్చేది. ఆ తర్వాత మూడురోజులు కుంకుడుకాయ పేరెత్తకూడదు. ఎప్పుడైనా కడగాలంటే సీకాయ, పలచటి గంజి, దొరికితే మందారాకు. వేడినీళ్ళు వద్దు, ఎండలోకి పోతే తలమీద గుడ్డ ఉండాలి. ఇరవయ్యో రోజుకు కుదుళ్ళలో తెలుపు కనబడుతుంది, అప్పుడు అక్కడ మాత్రం మళ్ళీ పూయాలి. ఆ ఇరవయ్యో రోజు ఎవరిది ఎప్పుడో అవ్వ వేళ్ళమీద లెక్కపెట్టుకునేది, ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు.

తర్వాత ధాత నామ సంవత్సరం కరువు వచ్చింది. తాగడానికే గంజి లేదు, ఇక తలకు గంజి పెట్టుకునేదెవరు? అవ్వ మూకుడు బోర్లించింది.

అప్పుడు నేను పచ్చి బాలింతరాలిని. మా ఆయన జ్వరంతో మంచంలో ఉన్నాడు. ఆత్మకూరు దారిలో కరువుపని పెట్టారు, రాళ్ళు కొట్టి రోడ్డు వేయడం. మేస్త్రి తల నెరిసినవాళ్ళను పనికిరారని పక్కకు తోసేస్తున్నాడు. ముసలివాళ్ళకు గంజి పోసే చోటు వేరే ఉంది. అయితే అక్కడ పోసింది అక్కడే తాగాలి, ఇంటికి తేనివ్వరు. పనిచేసినవాళ్ళయితే గింజలు కొంగున కట్టుకుని తెచ్చుకోవచ్చు. మా అమ్మకు చిన్నవయసులోనే తల ముగ్గుబుట్ట అయింది.

ఒకనాడు నేను అమ్మతో అన్నాను, "అమ్మా, బిడ్డకు పాలు రావడంలేదే" అని. అంతే అన్నాను. అమ్మ లేచి అవ్వ ఇంటికి పోయింది. మధ్యన ఉన్నది ఒక్క గోడ, వాళ్ళ మాటలన్నీ నాకు వినబడ్డాయి.

"నల్లతల చూసి నల్లతల పనే పెడతారే. పొద్దస్తమానం రాళ్ళు కొట్టగలవా నువ్వు?" అనింది అవ్వ.

"నేను గంజి తాగి బతికి ఏం చేసేది? ఇంట్లో మనవడు ఎండిపోతా ఉండాడు. వెయ్యి అక్కా."

"నా చేత్తో వెయ్యను."

"నీ కాళ్ళు పట్టుకుంటా."

నేను లేచి పోయి వద్దనవచ్చు. గింజలు వస్తాయి కదా అని పడుకునే ఉన్నాను. కాసేపటికి మూకుడు తిరగేసిన చప్పుడు వినిపించింది.

అమ్మ వయసు పదేళ్ళు తగ్గినట్టు తిరిగొచ్చింది. నెలన్నర పనిచేసింది. గింజలు వచ్చాయి, నాకు పాలు పడ్డాయి, బిడ్డ బతికాడు. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ సుత్తి పట్టుకునే పక్కకు ఒరిగిపోయిందట. బండిలో తెచ్చారు.

ఆఖరి స్నానం అవ్వే చేయించింది. కుంకుడురసం పోసి రుద్దింది, పుట్టమన్ను పెట్టి రుద్దింది, మళ్ళీ కుంకుడురసం పోసింది. వీధి ఆడవాళ్ళు ఇంక చాలన్నా వినలేదు. "దాని తెల్లతలతోనే పంపిద్దామనుకుంటి. నేనేసిన రంగు నాకే పోవడంలేదే!" అని ఏడ్చింది. అమ్మ నల్లజుట్టుతోనే మట్టిలోకి పోయింది.

అది మొదలు అవ్వ మళ్ళీ ఎవరి తలా ముట్టుకోలేదు. కానీ ఇరవై రోజులకొకసారి గోరింటాకు నూరి, పీట వేసి, వాకిట్లో కూర్చునేది. మొదటిసారి చూసి ఎవరొస్తున్నారని అడిగాను.

"మీ అమ్మకు కుదుళ్ళు తెల్లబడుంటాయి పాపా. మట్టిలో ఉన్నా జుట్టు పెరగతాదంట" అనింది, మామూలుగా.

తర్వాత తర్వాత నేను కూడా ఆ ఖాళీ పీట పక్కనుంచి నడిచేటప్పుడు చీర చెంగు తగలకుండా తప్పుకుని పోయేదాన్ని.

ఎన్నోసార్లు అడిగింది, "నేను రంగు వెయ్యకపోయుంటే బతికుండేది కదా?" అని. నేను మజ్జిగ చెంబు అక్కడ పెట్టి వచ్చేసేదాన్ని. గోడ ఇవతల అన్నీ విన్నానని, అమ్మను పంపించింది నా మాటేనని ఒక్కసారి చెప్పి ఉంటే ఆమె గుండె మీద బరువు దిగేది. ఆ బరువు నా మీదికి వస్తుందని భయపడ్డాను. నా పాపం రెండేళ్ళు ఆమె చేత మోయించాను.

చనిపోయిన రోజు అవ్వ తల కడిగింది నేనే. ఆమె చెప్పిన పద్ధతిలోనే, వేడి లేని నీళ్ళతో, గోరు తగలకుండా. ఊరందరికీ రంగు వేసిన మనిషి తల తెల్లగా, మెత్తగా, పత్తిలా ఉంది. తక్కినవాళ్ళు నీళ్ళకు పోయినప్పుడు చెవి దగ్గర వంగి చెప్పాను, "నీ తప్పేం లేదవ్వా. పాలు లేవని పంపించింది నేనే" అని. చెవిలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

మూకుడులో గోరింటాకు పారబోయడానికి చేయి రాలేదు. అంతా నా అరచేతుల్లోకి తీసుకుపోయి, అమ్మను పూడ్చిన చోట తలవైపు మట్టికి పూసి వచ్చాను.

అరచేతుల ఎరుపు వారంలో పోయింది. గోళ్ళది పోలేదు, గోరుతోపాటు పైకి జరుగుతోంది. ఇవాళ పొద్దున చూసుకుంటే గోరు మొదట్లో సన్నగా తెలుపు కనిపించింది. ఆకు దూసుకొచ్చి నూరాను. పీట వాకిట్లో వేసి ఉంది.