మా సడ్డకుడి ‘ఎందుకు’లు

మా సడ్డకుడు శ్రీపతి ‘ఎందుకు’ అనకుండా ఊపిరి కూడా పీల్చడు. ఒక్కసారి అని ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. జవాబు చెప్పగానే ఆ జవాబుకీ ‘ఎందుకు’ అంటాడు. చివరికి అసలు కారణమైనా బయటపడాలి, ఎదుటివాడైనా దండం పెట్టాలి. సాధారణంగా రెండూ ఒకేసారి జరుగుతాయి.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. ముషీరాబాద్‌లో ఆయనకో చిన్న కార్ఖానా ఉంది. అశోక్‌నగర్ హాస్టళ్లలో సర్కారు నౌకరీల కోసం చదివే పిల్లలు మంచం మీద పెట్టుకునే మడతబల్లలు అక్కడ తయారవుతాయి. అమ్మకాలు నేను చూస్తాను. నాలుగేళ్ల కింద ఆయన ‘లీన్’ పద్ధతుల మీద ఏదో క్లాసుకి వెళ్లాడు. దుబారా తగ్గించాలనీ, తప్పు జరిగితే మూలం దొరికేదాకా ‘ఎందుకు’ అని అడుగుతూ పోవాలనీ అక్కడ చెప్పారట. మిగతావాళ్లంతా సర్టిఫికెట్ తెచ్చుకుని ఫ్రేము కట్టించుకున్నారు. ఈయన మాత్రం నమ్మేశాడు.

మొదట బలైంది నారాయణగూడలో వాళ్లింట్లో విజయశ్రీ వదిన.

“ఉప్మా మాడింది. ఎందుకు?”

“ఫోనొచ్చింది.”

“ఎందుకొచ్చింది?”

“మా చెల్లె చేసింది.”

“ఎందుకు చేసింది?”

“మొగనితోని లొల్లయిందంట. చాలా, ఇంక అడుగుతవా?”

ఆ చెల్లెలు నా భార్య. నేను ఇంకా పళ్లు తోముకుంటున్నాను, శ్రీపతన్న ఫోన్ చేశాడు. “తమ్మీ, లక్ష్మితోని ఎందుకు లొల్లి పెట్టుకున్నవ్? మా ఇంట్ల ఉప్మా మాడింది!”

చిక్కడపల్లిలో మిర్చిబజ్జీల బండి పోచయ్యదీ ఇదే కథ. “బజ్జీ లేటెందుకు?” అంటే “పిండి అటుంది, మూకుడు ఇటుంది సార్” అన్నాడు పాపం. “ఎందుకు?” “మా నాయన గట్లనే పెట్టిండు.” అంతే, శ్రీపతన్న చొక్కా చేతులు మడిచి బండి మొత్తం సర్దేశాడు. పోచయ్యకి గిరాకీ పెరిగిన మాట నిజమే. అయినా ఈయన కనిపిస్తే చాలు, బండి వెనక్కి నక్కుతాడు. “బజ్జీలు ఊకెనే ఇస్త సార్, ఏం అడగకుర్రి!” అంటాడు అక్కణ్నుంచే.

కార్ఖానాలో మాత్రం ఈ పిచ్చి బాగానే పనిచేసింది. ఇదివరకు చెక్క ఒక మూల, డ్రిల్లు ఇంకో మూల ఉండేవి. మనుషులు రోజంతా ప్రదక్షిణలు చేసేవాళ్లు. ఇప్పుడు యంత్రాలన్నీ పని నడిచే వరసలో ఉన్నాయి. గోడ మీద సుత్తి చోట సుత్తి బొమ్మ, రెంచి చోట రెంచి బొమ్మ గీశాడు. ఏ హాస్టల్ ఆర్డరు ఎంతవరకు వచ్చిందో ట్యాబ్‌లో కనిపిస్తుంది. తేడా వస్తే ఎవరైనా సరే పని ఆపెయ్యడానికి అందరి దగ్గరా ఎర్ర బటన్ పెట్టాడు. సొంత ఖర్చుతో పని ఆపించుకునే యజమానిని చూసి నేను తల పట్టుకున్నాను. కానీ నెల పట్టే ఆర్డరు వారంలో వెళ్లిపోతోంది. వెనకాల విరిగిన చెక్కల గుట్ట పోయి, ఆ జాగాలో మా స్కూటర్లు నీడలో నిలబడుతున్నాయి.

మొన్న జూన్‌లో గడబిడ అయింది. మా అతిపెద్ద గిరాకీ, నాలుగు హాస్టళ్ల రాజీవ్‌కి పంపిన కొత్త బల్లలు కాళ్లు ముడుచుకుని కూలబడుతున్నాయి. ఒక పిల్లవాడి నోట్సంతా చాయ్‌లో తడిసిందట. “గంటల వస్తున్న” అని రాజీవ్ ఫోన్ చేసి, అన్నట్టే వచ్చేశాడు.

“శ్రీపతి గారూ, ఈ పని ఎవరు చేసిన్రు? వాళ్లను తీసెయ్యుర్రి. లేకుంటే ఇదే ఆఖరి ఆర్డర్!”

‘ఎవరు’ అనేది మా కార్ఖానాలో నాలుగేళ్లుగా వినిపించని మాట. సంధ్య చేతిలో డ్రిల్లు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సిద్దిపేట దిక్కు పల్లెటూరి పిల్ల. సగం రోజు మా దగ్గర పని, మిగతా సగం అశోక్‌నగర్‌లో చదువు. ఈ పని పోతే హాస్టల్ కిరాయి కట్టలేదు, మూటాముల్లె సర్దుకుని ఊరికి పోవాల్సిందే. ఆ బల్లలకి రివిట్లు కొట్టింది తనే.

శ్రీపతన్న తాపీగా మేస్త్రీ శ్రీశైలం వైపు తిరిగాడు. “కాలు ఎందుకు ముడుచుకుంది?”

“క్లిప్పు ఊడింది సార్.”

“ఎందుకు?”

“పొట్టి రివిట్ పడ్డది.”

“ఎందుకు?”

“పొడుగువి, పొట్టివి పక్కపక్కనే ఉన్నయి. కలిసిపోయినయి.”

“కలిస్తే కనవడలేదా? ఎందుకు?”

శ్రీశైలం ఆ మూలకి వెళ్లి పైకి చూశాడు. “అరె! ఈడ బల్బు లేదు సార్!”

శ్రీపతన్న ఈసారి ‘ఎందుకు’ అనలేదు. రాజీవ్‌కి మాత్రం అప్పటికే ఆత్రం పట్టుకుంది. “బల్బు ఎందుకు లేదు?” అని తనే అడిగేశాడు.

“నేనే తీసిన” అన్నాడు శ్రీపతన్న. “దుబారా అనుకున్న. తీసెయ్యాల్నంటే నన్నే తియ్యాలె. కానీ నేను పోతే మీ బల్లలు ఎవరు మార్చిస్తరు?”

రాజీవ్ కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించాడు, కుదరలేదు, నవ్వేశాడు. “మార్చియ్యుర్రి సార్, జర జల్ది. పరీక్షల ముంగట పిల్లలు పరేషాన్ అయితున్నరు” అని వెళ్లిపోయాడు. సంధ్య తల ఎత్తింది.

రాజీవ్ కారు సందు మలుపు తిరిగిందో లేదో, శ్రీపతన్న స్టూలు లాక్కుని ఎక్కాడు. ప్యాంటు జేబులోంచి బల్బు తీసి బిగించాడు. అది భేషుగ్గా వెలిగింది. పొద్దున ఆ బల్బు కిందే నేను పేపరంతా చదివాను.

“అన్నా! బల్బు నీ జేబులకు ఎందుకొచ్చింది?”

“మెల్లగ అను. ఆ పిల్లకు ఆదివారం పరీక్ష. రాత్రంత చదివి ఈడ కునుకుతున్నది. రాజీవ్ ఫోన్ రాంగనే పక్కకు పిలిచి అడిగిన, ఏడ్సింది. రేపటి సంది పరీక్ష అయ్యేదాంక హాస్టల్లనే ఉండుమన్న, జీతం ఇస్త. రివిట్లకు వేరువేరు రంగు డబ్బాలు కూడ చెప్పిన.”

నాకు ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. దాన్ని ఎలా చెప్పాలో తెలియక, నాలుగేళ్ల కసి కూడా కలిపి అడిగాను.

“మరి మూలం దొరికేదాంక అడగాలె కద? ఈ ఒక్కసారి మధ్యలనే ఎందుకు ఆపినవ్?”

“ఊకో.”

“ఎందుకు ఊకోవాలె?”

శ్రీపతన్న స్టూలు మీది నుంచే చిరాకుగా చూశాడు. “అబ్బ! ఎందుకు ఎందుకని పానం తీస్తవేంది తమ్మీ? జర స్టూలు పట్టు, దిగుత!”