దెదక్ తిన్నవాడు

ఆ రోజు నేను ఒక నిజాయితీపరుణ్ణి అతని మనుషులందరి ముందు లంచగొండిని చేశాను. కావాలని కాదు, తెలివి చూపించుకోవాలని. అదే ఎక్కువ సిగ్గుచేటు.

కరోనా వచ్చిన మొదటి వసంతం. జర్మనీలోని కాట్‌బస్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. షాపుల్లో గోధుమపిండి లేదు. ఒక అరలో కాగితం సంచులు మిగిలాయి. వాటి మీద ‘వైట్సెన్’ అని ఉంది, అంటే గోధుమ. కింద ‘క్లైయె’ అని ఉంటే కంపెనీ పేరనుకుని నాలుగు కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే తవుడు.

నా గదిలో ఉండే వరంగల్ మిత్రుడు సంచిలో చెయ్యి పెట్టి చూశాడు. "అరే, గిది పిండి కాదుర బై! మా బర్రెను గూడ పిలుస్త, ఇద్దరు కల్సి తినుర్రి."

పారేయలేక ఉల్లిపాయలు కలిపి రొట్టెలు కాల్చాను. మాతో వంటగది పంచుకునే మలేషియా మిత్రుడు ఒక్కడే బాగున్నాయన్నాడు. ఆ సంతోషంలో మర్నాడు మళ్లీ కాల్చి, మలయ్‌లో తవుడును ఏమంటారో ఫోన్‌లో వెతికాను. దెదక్.

అతను వంటగదిలోనే వీడియో మీటింగులో ఉన్నాడు. ఊళ్లోని మలేషియా విద్యార్థులకు వచ్చిన బియ్యం, మాస్కులు పంచే పని అతనిది. ఎవరి దగ్గరో ఏదో పుచ్చుకుని వాళ్లకే ముందిచ్చాడని నింద పడితే, జవాబు చెప్పుకుంటున్నాడని తర్వాత తెలిసింది. వాళ్లు మాట్లాడుకునే మలయ్ నాకేం తెలుసు? ప్లేటు కెమెరాకు ఆనించి, "నిన్నటి దెదక్ నచ్చిందన్నావుగా! ఇంకా తెచ్చా!" అని ఇంగ్లిష్‌లో అరిచాను.

తెర మీద ఏడు ముఖాలు బిగుసుకున్నాయి. ఒకరు పకపకా నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

అతను లాప్‌టాప్ మూసి, నెమ్మదిగా చెప్పాడు. "మా దగ్గర దెదక్ కోళ్లకు వేస్తారు. వేసినవాడి వెనకాలే అవి పరుగెత్తుతాయి. అందుకే పెద్దవాళ్లు విసిరింది తిని వాళ్లకు వంతపాడేవాణ్ణి దెదక్ తిన్నాడంటారు."

"ఆ మాట ఎక్కడ పుట్టింది?" అన్నాను. అప్పుడు కూడా క్షమించమనకుండా అదే అడిగాను.

"ఇండోనేషియాలోనూ ఉంది. ఎక్కడ పుట్టిందో తెలీదు. ఇవాళ్టి నుంచి నా పేరు మాత్రం అదే."

"దేవుడు నీకు నోరిచ్చి తప్పు జేసిండు," అన్నాడు వరంగల్ మిత్రుడు.

ఏడుగురి అడ్రసులు అడిగితే మలేషియా మిత్రుడు రాసిచ్చాడు. ఎవరూ ఎవరినీ ఇంట్లోకి రానివ్వని రోజులవి. మర్నాడు పొద్దున్నే బయల్దేరి, ఒక్కో కిటికీ కింద నిలబడి అరిచాను. "అది నిజం తవుడే! అతను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు! తప్పు నాది!" జర్మన్ ముసలమ్మలు బాల్కనీల్లోకి వచ్చి చూశారు. ఏడో ఇంటికి గొంతు పోయి దగ్గు వచ్చింది. పైనున్న అమ్మాయి హడలిపోయి కిటికీ మూసేసింది. మూసిన కిటికీకే మిగతాది చెప్పి వచ్చాను.