బిల్డ్ లాగ్‌లో మస్తానన్న మాట

హాస్టల్లో చదివే రోజుల్లో మూడో అంతస్తు బాత్రూముకు అమ్మాయిలందరూ గుంపుగా వెళ్లేవారు. నేను ఒక్కదాన్నే వెళ్లి తలస్నానం చేసి వచ్చేదాన్ని. దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. మిగతాది చదివే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

కువైట్ వచ్చి తొమ్మిదేళ్లయింది. హవల్లీలో ఉంటాం. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీలో నా ఉద్యోగం. అక్కడ నాకు పని నేర్పింది మస్తానన్న. రాయచోటి మనిషి. ఆఫీసు మొత్తంలో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. మధ్యాహ్నం కింద బకాలా కొట్టు నుంచి రెండు చాయ్‌లు తనే పట్టుకొచ్చేవాడు. ఒలికించకుండా తెచ్చిన రోజు లేదు.

మేం రాసిన కోడ్‌ను ఒక సర్వర్ తనంతట తానే బిల్డ్ చేసి, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా కూర్చి, పరీక్షించి, తప్పుంటే ఆపేస్తుంది; జరిగిందంతా లైను లైనుగా లాగ్ ఫైలులో రాస్తుంది. దాన్ని మొదట నిలబెట్టింది ఆయనే. "నీ లాప్‌టాప్‌లో నడిస్తే సాలదు పాపా, ఆడ నడవాల" అనేవాడు. సర్వర్ లోపలి పరిస్థితినే మన లాప్‌టాప్‌లో తయారుచేసుకోవడానికి కంటైనర్ వాడతాం. నాకది అర్థం కాకపోతే ఊరికి పంపే కార్గో పెట్టెతో పోల్చి చెప్పాడు. కావలసినవన్నీ సర్ది మూత వేశాక, పెట్టె ఏ ఊళ్లో ఉన్నా లోపల మారదు.

నా కోడ్ ఏ పరీక్షలో తప్పినా కుర్చీ తిప్పి ఒకటే అడిగేవాడు. "గడియారం చూసినావా పాపా?" సగంసార్లు తప్పు నిజంగా కంప్యూటర్ గడియారంలోనే ఉండేది. మిగతా సగం, ఇంటికి పొమ్మని చెప్పడం.

రెండేళ్ల క్రితం సెలవుకు ఊరెళ్లి గుండెపోటుతో పోయాడు. ఆయన కుర్చీలో ఇప్పుడు షీజా అనే కేరళ అమ్మాయి కూర్చుంటుంది.

ఈ ఏడాది రంజాన్ నెలలో, ఒక డయాలసిస్ కేంద్రానికి ఇవ్వాల్సిన ప్రోగ్రామ్ సర్వర్‌లో ఆగిపోయింది. రోగికి ఇచ్చిన తేదీ ఒక రోజు వెనక్కి పోతోంది. మా పెదనాన్న ఆ మిషన్ మీద బతికిన మనిషి. రోజు తప్పితే ఏమవుతుందో నేను చూశాను. నా లాప్‌టాప్‌లో మాత్రం అంతా సరిగ్గానే ఉంది. అప్పటికి గురువారం. మధ్యలో శుక్ర, శని సెలవులు; ఆదివారం కేంద్రంలో మొదలుపెట్టాలి.

పొద్దున పదకొండుకు సర్వర్‌లో ఉన్నవన్నీ ఉన్నట్టే సర్దుకుని కొత్త కంటైనర్ తెరిచాను. బయటినుంచి ఏదీ లోపలికి రాకుండా నెట్‌వర్క్ తెంచేశాను. సర్వర్‌లో వచ్చిన తప్పే ఇక్కడా వచ్చింది. కారణం మాత్రం అంతుపట్టలేదు. ఏడోసారి నడిపినప్పుడు, తప్పు చూపించే లైను కింద ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంకో లైను వచ్చింది.

నేను కదలకపోవడం చూసి షీజా ఇటు వంగి, కూడబలుక్కుంటూ చదివింది. "గడియారం... చూసినావా... పాపా." ఇది ఏ భాష అని ఇంగ్లిష్‌లో అడిగింది.

తెలుగని చెప్పి గడియారం చూశాను. కంటైనర్‌లో గడియారం మూడు గంటలు వెనక ఉంది. ఆ వారమే సర్వర్‌ను కొత్త కంప్యూటర్‌కు మార్చారు. పాతదానిలో కువైట్ సమయం మస్తానన్న స్వయంగా పెట్టాడు. కొత్తదానిలో ఎవరూ పెట్టకపోవడంతో అది గ్రీనిచ్ సమయంలో నడుస్తోంది. అర్ధరాత్రితో మొదలయ్యే తేదీ మూడు గంటలు వెనక్కి జరిగి ముందురోజులో పడుతోంది. ఎక్కడ నడిచినా కువైట్ సమయమే తీసుకునేలా కోడ్ మార్చాను. పరీక్ష నెగ్గింది. ఆదివారం రోగులు వాళ్ల రోజునే వచ్చారు.

తర్వాత ఆ వాక్యం కోసం వెతికాను. మా కోడ్‌లో, దాని పాత మార్పులన్నిటిలో, కంటైనర్‌లోని ప్రతి ఫైలులో. ఎక్కడా లేదు. ఆయన ఆ మాట నోటితో అనడమే తప్ప ఎన్నడూ రాయగా చూడలేదు.

మస్తానన్న భార్యకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఎవురన్నా ఇబ్బంది పడతాంటే ఆయన ఊరకుండే మనిషి కాదులేమ్మా" అంది.

ఒక విషయం ఆమెకు కూడా చెప్పలేదు. ఆ గురువారం అంతా సరిచేశాక, పాత కోడ్‌ను తప్పుతోనే మళ్లీ నడిపాను. అందరూ ఇఫ్తార్‌కు వెళ్లిపోయేదాకా నడుపుతూనే ఉన్నాను. తేదీ ప్రతిసారీ తప్పింది. దాని కింద ఇంకేమీ రాలేదు.

ఆ ఏడోసారి లాగ్ ఫైలు నా దగ్గర ఉంది. అందులో ఆ లైను ఉంది. ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.