నేను చెప్పిన రెండు రోజులు

2003 వేసవిలో నన్ను వజ్రపుకొత్తూరు మండలంలో, అక్కుపల్లి వైపు తీర గ్రామాలకు హెల్త్ సూపర్‌వైజరుగా వేశారు. నలుగురు ఏఎన్‌ఎంల పని చూడడం నా డ్యూటీ. కిడ్నీలు పాడై, పెద్దాసుపత్రి వాళ్ళు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న రోగుల సంగతి ఎవరి డ్యూటీ చార్టులోనూ లేదు. అయినా వెళ్ళేదాన్ని. ఉపశమన సేవ అనే మాట అప్పటికి మా చెవిన పడలేదు.

సముద్రం మీద వేటకు వెళ్ళే అప్పన్నకు ఆ జబ్బే. ఆయాసం, ఒంటినిండా దురద. తల ఎత్తుగా పెట్టడం, తడిగుడ్డతో నోరు తడపడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం ఆయన భార్య నూకమ్మకు నేర్పాను. ఇంకా ఎన్నాళ్ళని ఆమె అడిగితే, అనుభవం ఉందన్న ధీమాతో రెండు రోజులన్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం వెళ్తే ఇంట్లో మంచం లేదు. ఇసుక దిబ్బ పక్కన, వలలు పెట్టుకునే పాకలో ఉన్నాడన్నారు. పాక బయట పదిమంది ఆయనకు వీపు పెట్టి కూర్చున్నారు. "బతికినన్నాళ్ళూ ఎవుల్నీ ఒక మాట అన్నోడు కాదు" అంటోంది నూకమ్మ. పాడెకు కొట్టిన వెదుళ్ళు లోపల, మంచానికి ఎదురుగా ఆనించి ఉన్నాయి. అప్పన్న కళ్ళు తెరుచుకుని వాటినే చూస్తున్నాడు.

"నర్సమ్మా, నాను పోనానేటి? పిలిత్తంటే ఎవులూ పలకరు" అన్నాడు.

నూకమ్మను పక్కకు పిలిచి కోప్పడ్డాను.

"నువ్వే గదమ్మా రెండ్రోజులన్నావు. నచ్చత్రం మంచిది కాదట. ఇంట్లో పోతే ఆర్నెల్లు తలుపులు మూసీయాల. పిల్లల్నట్టుకుని ఎక్కడికెల్తాం?" అంది. ఆయన పిలుపుకు పలికితే ప్రాణం పోకుండా ఆశపడి కొట్టుకుంటుందని ఎవరో చెప్పారట.

పంచాంగంతో తగువు పెట్టుకోలేదు. వెదుళ్ళు తీయించాను. పాకలోనే పొయ్యి పెట్టించి, అందరినీ ఆయన ఎదుట కూర్చోబెట్టాను. చెడ్డ నక్షత్రం దాటాక ఇంట్లోకి తెచ్చారు. ఆ తర్వాత తొమ్మిది రోజులు బతికాడు. నాతో మాట్లాడేవాడు. నూకమ్మ ఎంత పలకరించినా పలకలేదు. ఆమె నోరు తడుపుతుంటే మొహంలోకి చూసేవాడు, అంతే.

పోయిన రోజున ఆమె నన్ను అడిగింది, "నా మీద కోపంతోనే ఎల్లిపోనాడా అమ్మా?" అని. తెలియదన్నాను.

ఆ తర్వాత సర్వీసులో ఎవరికీ రోజులు చెప్పలేదు. రోగికి ఏమేం జరగవచ్చో, అప్పుడు ఏం చెయ్యాలో చెప్పాలి. చివరి దాకా మనిషికి వినబడుతుందనీ, మాట్లాడుతూనే ఉండాలనీ మొదటి రోజే చెప్పాలి. నూకమ్మకు నేను ఆ మాట చెప్పలేదు.