టర్కీ ట్రేలో హోమం

పక్కింటివాళ్లు గ్రిల్ బొగ్గుల మీద లైటర్ నూనె పోస్తే చాలు, ఆ ఘాటు కిటికీ సందులోంచి నా వంటింట్లోకి దూరి, నన్ను జుట్టు పట్టుకొని హెర్న్‌డన్ అనే ఊళ్లోని మా పాత ఇంటి గరాజ్‌లోకి ఈడ్చుకుపోతుంది. నా తెలుగు బడి రెండో తరగతితో ఆగింది, ఇక్కడి బడి ఒంటబట్టలేదు, అందుకని నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మోటుగా ఉన్న మాటలను మెత్తబరచవద్దని ముందే చెప్పాను.

అవి ఎనభైల మొదటి రోజులు. ఆకులు రాలే కాలంలో మేపుల్ ఆకులు గుట్టపోసి అందులోకి దూకేవాళ్లం, మంచు పడితే చెత్తబుట్ట మూతల మీద కూర్చుని జారేవాళ్లం; అమ్మ వెన్న కడ్డీలు కరిగించి నెయ్యి కాచేది, పాన్‌కేక్ పిండితో గులాబ్‌జామ్ చేసేది, గోంగూర దొరక్క పాలకూరలో నిమ్మకాయ పిండి పులుపు తెప్పించేది. ఆ రుచుల పక్కనే దెబ్బలూ ఉండేవి. స్కూల్ బస్సులో నా బొట్టు మీద ఉమ్మి వేలితో రుద్దేవాళ్లు. పెద్ద కుర్రాళ్లు కారులో పోతూ బేస్‌బాల్ బ్యాట్‌తో మా మెయిల్‌బాక్స్ పగలగొడితే, నాన్న దాన్ని మళ్లీ నిలబెట్టి, ఆ కోపమంతా బెల్టుతో మా వీపుల మీద తీర్చుకునేవాడు.

నాన్న చేత ఆ బెల్టు పారేయించింది సమాజమే. అది ఇండియాలో ఒక స్వామి మొదలుపెట్టిన సంఘం. మేము ఉత్తి సమాజం అనేవాళ్లం. కులం అడగకూడదు, కట్నం ముట్టకూడదు, పురోహితుడు అక్కర్లేదు, ఆడవాళ్లయినా మంత్రం చెప్పి నిప్పులో నెయ్యి వేయవచ్చు అనేది వాళ్ల పద్ధతి. ఇంట్లో చేస్తే పొగకు అలారం కూస్తుందని ఆదివారం హోమం మా గరాజ్‌లో, తలుపు సగం పైకెత్తి చేసేవాళ్లు. రాగి కుండం దొరక్క నాన్న సూపర్‌మార్కెట్‌లో టర్కీ కోడిని కాల్చే అల్యూమినియం ట్రే కొనుక్కొచ్చి, అందులో ఇసుక పోసి ఇటుకలు పేర్చాడు. మాంసం కాల్చే ట్రేలోనా అని ఎవరో గొణిగితే, మా పెద్దమ్మ, "కొత్తదే కదమ్మా, టర్కీ ఇంకా ఎక్కలేదు!" అని అందరినీ నవ్వించింది. మొదట్లో వచ్చింది రెండు కుటుంబాలే. ఏడాది తిరిగేసరికి మేరీల్యాండ్ నుంచి కూడా వచ్చి మా వీధికి రెండు పక్కలా కార్లు పెట్టేవాళ్లు.

పెద్దమ్మంటే నాన్న అన్నగారి భార్య. మమ్మల్ని ఈ దేశం రప్పించింది ఆ పెద్దనాన్నే. డాక్టరు, సమాజంలో పెద్ద ఉపన్యాసకుడు. నాన్న చెల్లెలు, మా మేనత్త, మొగుడు పోయాక మా దగ్గరికి వచ్చింది. శుభకార్యమంటే వంటగదిలోంచి బయటికి వచ్చేది కాదు. సమాజంలో ప్రతి ఆదివారం ఒకరు వంతుగా హోమం ముందు కూర్చుని, అయ్యాక తమ చేత్తో అందరికీ ప్రసాదం పెట్టాలి. ఆ వంతు అత్తకు వచ్చింది. తన చేతి ప్రసాదం జనం తింటారా అన్నదే అత్త దిగులు. బట్టలు మడతపెడుతూ, ఆకులు ఊడుస్తూ, రోజంతా మంత్రం వల్లె వేసేది.

ఆ ఆదివారం వానకు తడిసిన పుల్లలు అంటుకోలేదు. నాన్న గ్రిల్‌కి వాడే లైటర్ నూనె చల్లాడు. మంట భగ్గున లేచింది. అత్త నేతి గరిటె ఎత్తిందో లేదో పెద్దనాన్న లేచాడు.

"లెయ్యవే ముండమోపీ! మొగుణ్ణి మింగింది చాలక మా అందర్నీ కూడానా?"

"అన్నయ్యా, అందరూ చెయ్యొచ్చని మైకులో చెప్పింది నువ్వేగా!" అన్నాడు నాన్న.

"లెక్చర్ వేరు, ఇల్లు వేరురా వెధవా!" అంటూ ట్రేని ఒక్క తన్ను తన్నాడు.

నిప్పులు గరాజ్ అంతా చిమ్మాయి. అత్త పైట అంటుకుంది. అమ్మ తివాచీతో అత్తను కప్పి కింద దొర్లిస్తోంది, చర్మం కాలిన వాసన, పిల్లల ఏడుపులు, అంతలో నాన్న గోడకున్న మంచు ఎత్తే పార లాగి పెద్దనాన్న మూతి మీద కొట్టాడు. సిమెంటు నేల మీద రక్తం, అందులో పన్ను. ఎదురింటివాళ్లు పిలిచిన పోలీసులు పంచెతో ఉన్న నాన్నను డ్రైవ్‌వేలో బోర్లా పడేసి, వీపు మీద మోకాలు పెట్టి సంకెళ్లు వేశారు. పెద్దనాన్న నోటికి రుమాలు అదుముకుని, "నథింగ్ ఆఫీసర్, ఫ్యామిలీ మేటర్" అంటున్నా వినకుండా నాన్నను తీసుకుపోయారు.

అత్త కాలిన చేతికి తడి తువ్వాలు చుట్టుకుంది. చెత్త ఎత్తే చేటతో నిప్పులు ఏరి, సొట్టపడిన ట్రేలో మళ్లీ పోసి కూర్చుంది. "ఎక్కడ ఆగాం?" అని అడిగింది. మళ్లీ తనే మంత్రం మొదటి నుంచి అందుకుంది. హోమం ముగించి, రవ్వకేసరి గిన్నె పట్టుకుని నిలబడింది. ఒక్క చెయ్యి ముందుకు రాలేదు.

పెద్దమ్మ వచ్చి చెయ్యి చాచింది.

"ఏయ్, కారెక్కు!" అని పెద్దనాన్న అరిచాడు.

పెద్దమ్మ నోట్లో పెట్టుకుని, "ఇంకాస్త పెట్టమ్మాయ్, పొద్దుట్నుంచీ ఏం తినలా" అంది. ఆయన వచ్చి చెంప పగలగొట్టాడు. కేసరి ఎగిరి గోడకు కొట్టుకుంది. ఆమె తూలి, నిలదొక్కుకుని, మళ్లీ చెయ్యి చాచింది. అప్పుడు వెనక ఒకరు, వాళ్ల వెనక ఇంకొకరు నిలబడ్డారు. గిన్నె ఖాళీ అయింది. నాన్న మర్నాడు ఇంటికొచ్చాడు. పెద్దనాన్న మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

అత్తా పెద్దమ్మా ఇప్పుడు లేరు. ఆ ఇల్లు కూలగొట్టి టౌన్‌హౌస్‌లు కట్టారు. సమాజానికి షాంటిలీ పక్కన పెద్ద హాలు వచ్చింది, రాతి కుండం, అడుగున గ్యాస్ మంట, పొగ లాగే ఫ్యాన్లు. మా ఆయన పోయాక మొదటిసారి వెళ్లి ముందు వరసలో కూర్చుంటే, ఇక్కడే పుట్టిన ఓ కుర్రాడు వంగి, "ఆంటీ, సారీ, ఫ్రంట్ రో సుమంగళీస్‌కి రిజర్వ్ చేశారు, మీరు బ్యాక్‌లో కూర్చుంటారా ప్లీజ్?" అన్నాడు. నేను లేచాను. వెనక్కి కాదు, కుండం దగ్గరికి వెళ్లి కూర్చుని గరిటె తీసుకున్నాను. ఎవరూ తిట్టలేదు, తన్నలేదు. ఆ కుర్రాడు నవ్వుతూనే వెళ్లి గోడకున్న గ్యాస్ గుబ్బ తిప్పాడు. మంట ఆరిపోయింది. అంత జనంలో ఒక్కరు కూడా అదేమిటని అడగలేదు.