విజయక్క కట్టిన తాడు

నిన్న పొద్దున హాస్టల్లో పళ్లు తోముకుంటుంటే వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. నాకు చూపు లేదు. మెసేజ్‌లు నా ఫోనే చదివి వినిపిస్తుంది.

"విజయక్క ఇక లేరు."

రోజూ కరెంట్ అఫైర్స్ చదివే గొంతుతోనే చదివింది. వెనక్కి వెళ్లి మళ్లీ విన్నాను.

అదే.

ఫోన్‌ని గోడకేసి కొట్టాలనిపించింది. కానీ అది నా మెడలో ఉంది, అక్క కట్టిన తాడుకి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. అక్కకీ చూపు లేదు. చిక్కడపల్లిలో ఒక రూములో నాలాంటి వాళ్లకు ఫోన్‌తో చదువుకోవడం నేర్పేది. నేను అశోక్ నగర్‌కి గ్రూప్స్ పరీక్షల ప్రిపరేషన్‌కి వచ్చేదాకా నా చదువంతా వేరేవాళ్ల దయే. ఎవరికి ఓపికుంటే వాళ్లు చదివి పెట్టేవారు.

మొదటి రోజు అక్క నాతో పుస్తకంలో ఒక పేజీని ఫోటో తీయించింది. ఫోన్ చదవడం మొదలుపెట్టింది.

"ఆపు. ఇప్పుడు మళ్ల ఎనక్కి పో. ఇగ ఎవ్వర్నీ బతిమిలాడే పని లేదు, సమజైందా?"

వెక్కి వెక్కి ఏడ్చాను. "ముందు హిస్టరీ, తర్వాత ఏడుపు" అని నెత్తి మీద ఒక్కటిచ్చింది.

ఒకసారి టీ కొట్టు దగ్గర ఒకడు నా ఫోన్ లాక్కున్నాడు. "కండ్లు లేనోళ్లకు టచ్ ఫోన్ ఎందుకే?" అని నవ్వాడు. అక్క ఆ నవ్వు వినిపించిన వైపు కర్ర తిప్పింది. వాడి మోకాలి చిప్ప పగిలిందనుకున్నాం.

"అది ఫోన్ కాదుర బద్మాష్, ఆ పిల్ల పుస్తకం!"

మర్నాడే కాచిగూడలో మందపాటి నైలాన్ తాడు కొనుక్కొచ్చింది. మా అందరి మెడలకీ, తన మెడకీ ఫోన్లు తనే కట్టింది. "ఫోన్ పోతే చదువు పోతది. ప్రాణం పోయినా ఇడ్వొద్దు" అంది.

మొన్న సాయంత్రం నారాయణగూడలో ఇద్దరు బైక్ మీద వచ్చి అక్క ఫోన్ గుంజారు.

తాడు తెగలేదు.

అక్కను రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోయారు. జనం అరుస్తున్నా బండి ఆపలేదు.

వాళ్ల చేతులు పడిపోను! నాకు దొరికితే అదే రోడ్డు మీద తోలు ఊడేదాకా ఈడుస్తాను. "కోపం తగ్గించుకో, పోలీసులు చూసుకుంటారు" అని ఎవరూ మెసేజ్‌లు పెట్టకండి. వాటిని కూడా ఈ ఫోనే నాకు వినిపిస్తోంది.

ఇవాళ అందరం అక్క రూములో కూర్చున్నాం. మా మెడల్లోని తాళ్ల ముళ్లు విప్పడానికి చూశాం. ఎవరికీ రాలేదు, అంత గట్టిగా వేసింది. చివరికి కత్తెరతో కోసేశాం.

ఫోన్ పోతే ఇంకోటి కొనుక్కుంటుంటిమి కదా అక్కా. నిన్ను ఏడికెల్లి తేవాలె?

ఇగ నీ మెడల ఏం లేదు, మా మెడలల్ల గూడ ఏం లేదు. నిమ్మళంగ పండుకో.